బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్

బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ ముంబై కేంద్రంగా గల ఒక భారతీయ వాణిజ్య సంస్థ. బర్మా అడవులలోని టేకు కలపను కొట్టించి అమ్మే నిమిత్తం ఇది 1863లో అప్పటి బొంబాయి నగరంలో స్థాపించబడినది. స్టాకు మార్కెట్టులో నమోదై నేటికీ నడుస్తున్న భారతీయ కంపెనీలలో ఇది రెండవ పురాతనమైనదిగా పేర్కొనబడుతున్నది. ప్రస్తుతం ఇది వాడియా గ్రూపునకు చెందినది. ఈనాటి పాఠకులకు ఇది బ్రిటానియా బిస్కట్ల కంపెనీలో అధిక వాటా గల సంస్థగా మాత్రమే తెలిసి ఉండవచ్చును గాని, చరిత్రలో దీని పేరు నిలిచిపోవడానికి కారణం వేరు. ఈ కంపెనీ కొట్టించిన టేకు దుంగల లెక్క విషయమై 1885లో బర్మా రాజదర్బారుతో ఏర్పడిన తగాదా మూడవ ఆంగ్లో-బర్మా యుద్ధానికి తక్షణ కారణమైనది. ఆ యుద్ధంతో బర్మా రాజ్యం అంతరించినది.

నేపథ్యం

టేకు గృహనిర్మాణానికి, ఓడల నిర్మాణానికి ఎంతో అనువైన కలప. దీనిలో సహజంగా ఉండే నూనె వలన చెదలు త్వరగా పట్టవు. ఇతర కలపల వలె ఎండకు, వానకు అంతగా వంకర తిరగదు. ఇనుప మేకులు దిగవేసినప్పుడు అవి తుప్పు పట్టకుండా ఉండడం దీనికి గల మరొక గుణం. ఈ కారణంగా ఓడలు కట్టేవారు ఓకు కంటే టేకునే మెచ్చేవారు. ఆంధ్ర దేశంలో పాతకాలపు మండువా లోగిళ్ళ స్తంభాలను, ద్వారబంధాలను చూపి "ఇది బర్మా టేకు" అని గొప్పగా చెప్పుకోవడం నేటికీ వినవచ్చును.

మొదటి ఆంగ్లో-బర్మా యుద్ధానంతరం 1826లో తెనాసరిం తీరం ఈస్టిండియా కంపెనీ వశమైనది. అక్కడి మౌల్మేన్ రేవు చుట్టుప్రక్కల టేకును వర్తకులు హద్దు లేకుండా నరికివేయగా, కొద్ది దశాబ్దాలలోనే ఆ అడవులు తరిగిపోయినవి. 1852లో జరిగిన రెండవ యుద్ధంతో పెగూ ప్రాంతం, రంగూన్ రేవు బ్రిటిషు వారి చేతిలోకి వచ్చినవి. మౌల్మేన్ అనుభవం పునరావృతం కాకుండా 1856లో జర్మను వృక్షశాస్త్రవేత్త డీట్రిచ్ బ్రాండిస్‌ను పెగూ అడవుల పర్యవేక్షకునిగా నియమించారు. ఏ చెట్లను కొట్టవచ్చునో, ఏడాదికి ఎన్ని కొట్టవచ్చునో ముందుగా లెక్క వేసి నిర్ణయించే పద్ధతిని ఆయన అమలు చేశారు. భారతదేశపు అటవీ శాఖకు పునాది వేసినవారు కూడా ఆయనే.

స్థాపన

స్కాట్లండుకు చెందిన వాలెస్ సోదరులు 1840లలో బొంబాయిలో వ్యాపారం ప్రారంభించారు. 1850లలో వారి వ్యాపారం రంగూన్‌కు విస్తరించి, అక్కడి నుండి బొంబాయికి టేకు కలప ఎగుమతి చేయసాగినది. ఈ వ్యాపారాన్నే 1863లో వాటాల కంపెనీగా మార్చి బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ అని పేరు పెట్టారు. బొంబాయికి చెందిన భారతీయ వర్తకులు కూడా ఇందులో వాటాలు తీసుకున్నారు. అయితే అధికారం మాత్రం వాలెస్ సోదరుల చేతిలోనే ఉన్నది.

బ్రిటిషు బర్మాకు ఉత్తరాన ఎగువ బర్మా స్వతంత్ర రాజ్యంగా ఉండేది. దాని రాజు మిండన్ మిన్ (పాలన 1853-1878) మాండలే నగర నిర్మాత. రాజ్యంలోని టేకు చెట్లన్నీ రాజు సొత్తు. దిగువ బర్మాను, దానితోపాటు సముద్ర రేవులను పోగొట్టుకున్న దర్బారుకు టేకు ఒక ముఖ్యమైన ఆదాయ వనరు. వాలెస్ సోదరులు మిండన్ నుండి అడవులు గుత్తకు పొందారు. వీటిలో ప్రధానమైనవి నింగ్యాన్ అడవులు. ఇవి నేటి ప్యిన్మనా పట్టణం పరిసరాలలో, మయన్మార్ ప్రస్తుత రాజధాని నేపిడాకు సమీపంలో ఉన్నవి.

అడవి నుండి అడితి వరకు

టేకు వ్యాపారంలో పెట్టుబడి చేతికి తిరిగి రావడానికి ఏళ్ళ తరబడి పట్టేది. కంపెనీకీ రాజుకూ మధ్య వచ్చిన తగాదాను అర్థం చేసుకోవాలంటే ఈ పని జరిగే తీరు తెలియవలెను.

పచ్చి టేకు దుంగ నీటిలో మునిగిపోతుంది. అందుచేత ముందుగా, ఎంపిక చేసిన చెట్టు మొదట్లో బెరడును, దాని క్రింది లేత కొయ్యను చేవ తగిలే వరకు చుట్టూ పట్టీ వలె చెక్కివేసేవారు. వేళ్ళ నుండి నీరు పైకి ఎక్కక చెట్టు నిలువునా చనిపోయేది. అలా రెండు మూడు సంవత్సరాలు నిలబెట్టి ఎండనిచ్చిన తరువాతనే నరికేవారు. నరికిన దుంగలను ఏనుగులు అడవిలోని వాగు ఒడ్డుకు ఈడ్చుకు వచ్చేవి. తరువాత వాన కోసం వేచి ఉండవలసినదే. వర్షాకాలంలో వాగు పొంగినప్పుడు దుంగలు కొట్టుకొని పోయి పెద్ద నదిని చేరేవి. దారిలో అడ్డం పడి గుట్టగా చిక్కుకున్న దుంగలను విడదీయడం కూడా ఏనుగుల పనే. ఇది మిక్కిలి ప్రమాదకరమైన పని. వాన తక్కువైన ఏడు దుంగలు ఉన్నచోటనే ఉండిపోయేవి. పెద్ద నదిలోకి వచ్చిన దుంగలను తెప్పలుగా కట్టి, వాటిపైనే గుడిసెలు వేసుకొని, పనివారు రంగూన్ వరకు నడిపించుకు వచ్చేవారు. చెట్టుకు పట్టీ కోసిన నాటి నుండి కలప రంపపు మిల్లుకు చేరడానికి అయిదేళ్ళు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడా పట్టేది.

ప్రతి దుంగపైన సొంతదారుని గుర్తును సుత్తితో ముద్ర వేసేవారు. నదిలో కలగలిసిపోయే వేలాది దుంగలలో ఎవరివి ఎవరివో తేల్చుకోవడానికి ఆ ముద్రే ఆధారం. సుంకం కట్టడానికీ దుంగల లెక్కే ఆధారం. అయితే ఆ లెక్క ఎక్కడ వేయాలి, అడవిలోనా, వాగు ఒడ్డునా, సరిహద్దు వద్దనా, చిన్న దుంగలను, పుచ్చు దుంగలను లెక్కలో కలపాలా వద్దా అన్నవి ఎప్పుడూ వివాదాస్పదములే.

కంపెనీకి సొంతంగా వేలకొలది ఏనుగులు ఉండేవి. బర్మాలో మావటిని ఊజీ అంటారు. ఏనుగులు వానాకాలం, చలికాలం పనిచేసేవి. మార్చి నుండి మే వరకు ఎండాకాలం వాటికి విశ్రాంతి. రోజు పని పూర్తికాగానే, ముందుకాళ్ళకు బంధం వేసి, మెడలో కొయ్య గంట కట్టి, మేత కొరకు అడవిలోకి వదిలేవారు. తెల్లవారుజామున ఊజీ తన ఏనుగు గంట చప్పుడును గుర్తుపట్టి వెతికి తెచ్చుకునేవాడు. ఏనుగును పోషించే ఖర్చులో అధిక భాగాన్ని అడవియే భరించేదన్నమాట.

1885 నాటి జరిమానా

మిండన్ మరణానంతరం 1878లో అతని కుమారుడు థీబా రాజైనాడు. దర్బారు అంతఃకలహాలతోను, ధనం కొరతతోను సతమతమవుతున్నది. 1880లలో కంపెనీతో ఒప్పందాలు పలుమార్లు మారినవి. కొన్ని దుంగకు ఇంత అన్న చొప్పున, కొన్ని ఏడాదికి ఇంత అన్న గుత్త పద్ధతిన ఉండేవి. ఏ దుంగలు ఏ పద్ధతి క్రిందికి వస్తాయన్న చోటనే తగాదా మొదలైనది.

నింగ్యాన్ అడవుల దుంగలు సిట్టాంగ్ నది మీదుగా తేలుతూ సరిహద్దు దాటి బ్రిటిషు భూభాగంలోని టౌంగూ చేరేవి. బయటికి వెళ్ళిన దుంగల సంఖ్యకు, మాండలేకు ముట్టిన సుంకానికి పొంతన లేదని, కంపెనీ ఎన్నో దుంగలకు సుంకం ఎగవేసినదని బర్మా అధికారులు ఆరోపించారు. అడవిలో పనిచేసిన బర్మా గుత్తేదారులకు రావలసిన సొమ్ము ఇవ్వలేదన్నది మరొక ఆరోపణ. తాము గుత్త మొత్తం చెల్లించామని, కనుక ఆ దుంగలను విడివిడిగా లెక్కించడం ఒప్పందానికి విరుద్ధమని కంపెనీ వాదించినది. రాజ్యపు అత్యున్నత మంత్రిమండలి, న్యాయస్థానము కూడా అయిన హ్లుట్టా 1885 ఆగస్టులో కంపెనీకి వ్యతిరేకంగా తీర్పు చెప్పి సుమారు 23 లక్షల రూపాయలు చెల్లించవలెనని విధించినది. ఆనాటి లెక్కన ఇది అతి భారీ మొత్తం.

బ్రిటిషు బర్మా చీఫ్ కమిషనర్ చార్లెస్ బెర్నార్డ్ ఈ వివాదాన్ని మధ్యవర్తికి అప్పగించవలసినదిగా కోరగా, తీర్పు తిరగదోడేది లేదని మాండలే బదులిచ్చినది. స్వతంత్ర రాజ్యం తన న్యాయస్థానంలో ఇచ్చిన తీర్పుపై పొరుగు ప్రభుత్వపు మధ్యవర్తిత్వానికి ఒప్పుకోవడం తన సార్వభౌమత్వాన్ని వదులుకోవడమే అవుతుందన్నది దర్బారు దృష్టి. మాండలేలో కంపెనీ ప్రతినిధి అయిన ఆండ్రీనో అదే సమయంలో ఇటలీ దేశపు కాన్సల్ కూడా కావడం ఈ వ్యవహారంలో ఒక విచిత్రం. దర్బారులో ఫ్రెంచి వారి రాకపోకలను గురించిన సమాచారం అతని ద్వారా రంగూన్‌కు చేరేది.

యుద్ధం

ఫ్రాన్స్ అప్పటికే ఇండోచైనాలో బలపడుచున్నది. 1885 జనవరిలో బర్మా-ఫ్రాన్సుల మధ్య వాణిజ్య ఒప్పందం కుదిరినది. ఆ ఏడు మధ్యలో ఫ్రెంచి కాన్సల్ హాస్ మాండలే చేరినాడు. టేకు అడవులు కంపెనీ నుండి లాగి ఫ్రెంచి వారికి ఇస్తారన్న వదంతులు రంగూన్ వర్తకులను కలవరపరచినవి. ఎగువ బర్మాను ఆక్రమించవలెనని రంగూన్ వర్తక సంఘం అంతకు ముందు నుండే కోరుతున్నది. లండనులో 1885 జూన్‌లో భారత వ్యవహారాల మంత్రి అయిన లార్డ్ ర్యాండాల్ఫ్ చర్చిల్ ఈ కోరికకు అనుకూలుడు.

వైస్రాయి డఫరిన్ ఆదేశంతో 1885 అక్టోబరు 22న థీబాకు తుది హెచ్చరిక పంపబడినది. బ్రిటిషు రాయబారిని స్వీకరించి ఆయన సమక్షంలో కంపెనీ వివాదాన్ని పరిష్కరించుకోవలెనని, అంతవరకు కంపెనీపై చర్యలు నిలిపివేయవలెనని, ఇకపై విదేశీ వ్యవహారాలు భారత ప్రభుత్వ సలహాపైనే నడపవలెనని అందులోని షరతులు. వీటిలో చివరిది టేకుతో నిమిత్తం లేనిది. నవంబరు 10వ తేదీ లోపల జవాబు కోరారు. థీబా నవంబరు 7న తెల్లవారిపై పోరాడవలసినదిగా ప్రజలకు ప్రకటన చేసినాడు.

నవంబరు 14న సేనలు సరిహద్దు దాటినవి. జనరల్ ప్రెండర్‌గాస్ట్ నాయకత్వాన బ్రిటిషు, భారతీయ సైనికులు ఐరావతి ఫ్లోటిల్లా కంపెనీ స్టీమర్లలో నది వెంట సాగి, 17న మిన్‌హ్లా కోటను పట్టుకొన్నారు. నవంబరు 28న సేనలు మాండలే చేరగా థీబా లొంగిపోయినాడు. ఆ మరునాడే రాజు, రాణి సుపయలాట్ ఓడ ఎక్కించబడినారు. 1886 జనవరి 1న ఎగువ బర్మా విక్టోరియా రాణి రాజ్యంలో కలపబడినట్లు ప్రకటన వెలువడినది. థీబాను మొదట మద్రాసుకు, అక్కడి నుండి కొంకణ తీరంలోని రత్నగిరికి తరలించారు. మూడు దశాబ్దాల ప్రవాసం తరువాత 1916లో ఆయన అక్కడనే మరణించినాడు. యుద్ధం రెండు వారాలలో ముగిసినా, పల్లెలలోను అడవులలోను తిరుగుబాట్లు మరికొన్ని సంవత్సరాలు సాగినవి.

యుద్ధ కారణం పై చర్చ

కంపెనీ నిజంగా సుంకం ఎగవేసినదా, లేక ధనం కొరతలో ఉన్న దర్బారు ఒక సంపన్న సంస్థపై పడినదా అన్న ప్రశ్నపై చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు. ఫ్రెంచి వారి పలుకుబడికి భయపడి చేసిన యుద్ధానికి టేకు తగాదా ఒక సాకు మాత్రమేనని కొందరు, వర్తకుల ఒత్తిడియే అసలు కారణమని మరికొందరు భావించారు. ఈ రెండు వాదనలూ పూర్తిగా వేరుచేయదగినవి కావు. ఫ్రెంచి వారికి అడవులు పోతాయన్న భయంలో వర్తక ప్రయోజనం, రాజకీయం రెండూ కలిసే ఉన్నవి. యుద్ధ ఫలితం వలన లాభపడినవారెవరన్న విషయంలో మాత్రం సందేహం లేదు. జరిమానా వసూలు కాలేదు. అడవులు కంపెనీ చేతిలోనే ఉన్నవి.

విస్తరణ

బ్రిటిషు పాలనలో బర్మా టేకు వ్యాపారం కొద్దిపాటి యూరోపియను సంస్థల గుత్తాధిపత్యంగా మారినది. బాంబే బర్మాతో పాటు స్టీల్ బ్రదర్స్, మెక్‌గ్రెగర్, ఫిండ్లే, ఫూకార్ సంస్థలు వీటిలో ముఖ్యమైనవి. దీర్ఘకాలపు గుత్తలు, వందలాది ఏనుగులు కొనగల పెట్టుబడి లేని స్థానిక వ్యాపారులకు మేలైన అడవులు దక్కేవి కావు. బర్మా జాతీయోద్యమంలో ఈ కంపెనీల పట్ల కనిపించే ఆగ్రహానికి ఇది ఒక మూలం. పొరుగున ఉన్న సయాం (నేటి థాయ్‌లాండ్) ఉత్తర ప్రాంతంలోని అడవులలో కూడా కంపెనీ కలప కొట్టించినది.

రంగూన్ మిల్లులు, తెలుగువారు

రంగూన్, మౌల్మేన్ రేవులలోని రంపపు మిల్లులలో దుంగలను పేర్చడానికి ఏనుగులను, తక్కిన పనికి ఎక్కువగా భారతీయ కూలీలను వినియోగించేవారు. రంగూన్‌లోని రేవు, బియ్యపు మిల్లులు, రంపపు మిల్లులలో కూలి పనిచేసినవారిలో తెలుగువారు అధిక సంఖ్యాకులు. వీరు శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుండి కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవులలో స్టీమరు ఎక్కి వెళ్ళేవారు. ఆ ప్రాంతాల వాడుకలో రంగూన్‌కు "రంగం" అని పేరు. మేస్త్రీలు ఊళ్ళలో బయానా ఇచ్చి మనుషులను కుదుర్చుకునేవారు. ఆ బాకీ తీరే వరకు కూలీకి స్వేచ్ఛ ఉండేది కాదు. గోదావరి ముఖద్వారాన గల కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో తెలుగువారిని కోరంగీలు అని పిలిచేవారు. క్రమంగా ఆ మాట చులకన భావంతో వాడబడినది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనాభాలో సగానికి మించి భారతీయులే. దానికి ముందు ఏడాది, 1930 మే నెలలో, తెలుగు రేవు కూలీల సమ్మె సందర్భంగా చెలరేగిన అల్లర్లలో మరణించినవారిలో అధికులు తెలుగువారే.

రెండవ ప్రపంచ యుద్ధం

1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించగా లక్షలాది భారతీయులు కాలినడకన కొండలు దాటి స్వదేశం చేరవలసి వచ్చినది. దారిలో ఎందరో మరణించారు. కంపెనీ ఉద్యోగుల కుటుంబాలలో కొన్ని ఏనుగుల సహాయంతో మణిపూర్ చేరినవి. ఈ ప్రయాణాన్ని నడిపినవారిలో జె.హెచ్. విలియమ్స్ (1897-1958) ఒకరు. ఆయన 1920లో కంపెనీలో చేరి ఏనుగుల సంరక్షణలో ప్రావీణ్యం సంపాదించినాడు. తరువాత 14వ సైన్యంలో ఏనుగుల దళానికి అధిపతిగా ఉండి, దుంగలతో వంతెనలు కట్టించినాడు. 1944లో సుమారు 50 ఏనుగులను, కొందరు శరణార్థులను వెంటబెట్టుకొని, కొండ అంచున రాతిని మెట్లుగా చెక్కించి అస్సాం చేర్చినాడు. 1950లో వెలువడిన ఆయన జ్ఞాపకాల పుస్తకం "ఎలిఫెంట్ బిల్" వలన కంపెనీ అడవి జీవితం లోకానికి తెలిసినది. అయితే ఆ పుస్తకంలో ఊజీల కంటే ఏనుగులే ఎక్కువగా కనిపిస్తాయి.

1948 జనవరిలో బర్మా స్వతంత్రమైనది. 1948-49లలో విదేశీ కంపెనీల టేకు గుత్తలు జాతీయం చేయబడినవి. ఆ విధంగా కంపెనీ పేరులో బర్మా మిగిలినా, బర్మాలో కంపెనీ మిగలలేదు.

దక్షిణ భారతదేశంలో తోటలు

20వ శతాబ్ది తొలినాళ్ళ నుండే కంపెనీ దక్షిణ భారతంలో తేయాకు, కాఫీ తోటల వైపు దృష్టి సారించినది. కోయంబత్తూరు జిల్లా ఆనమలై కొండలలోని ముడీస్ తోటలు వీటిలో పేరొందినవి. 1929లో తిరునల్వేలి జిల్లాలోని సింగంపట్టి జమీను నుండి 8,000 ఎకరాలకు పైగా అడవిని 99 సంవత్సరాల కౌలుకు తీసుకున్నది. మాంజోలై, కాకాచ్చి, నాలుముక్కు, ఊత్తు తోటలు ఈ భూమిలోనివే. జమీందారీ రద్దుతో భూమి ప్రభుత్వానిదైనా కౌలు కొనసాగినది.

1999 జూలై 23న మాంజోలై తోట కార్మికుల కూలి పెంపుదల కొరకు, అరెస్టయినవారి విడుదల కొరకు తిరునల్వేలిలో జరిగిన ఊరేగింపుపై పోలీసులు లాఠీచార్జి జరపగా, తప్పించుకొనుటకు తామ్రపర్ణి నది వైపు పరుగెత్తినవారితో సహా 17 మంది మరణించారు. 2018లో ఈ ప్రాంతం రిజర్వు అడవిగా ప్రకటించబడినది. 2028లో కౌలు ముగియనుండగా, కంపెనీ 2024లోనే తోట పనులు ఆపి, కార్మికులకు స్వచ్ఛంద పదవీ విరమణ ప్రతిపాదించి ఇళ్ళు ఖాళీ చేయవలసినదిగా కోరినది. మూడు నాలుగు తరాలుగా కొండపైనే పుట్టి పెరిగిన కుటుంబాలు తమకు అక్కడే నివాసం కల్పించవలెనని న్యాయస్థానాన్ని ఆశ్రయించగా, మద్రాసు హైకోర్టు 2024 డిసెంబరులో వారి వినతిని త్రోసిపుచ్చినది.

విశేషాలు

సంస్థ శతవార్షికోత్సవం సందర్భంగా ఎ.సి. పాయింటన్ రచించిన కంపెనీ చరిత్ర 1964లో ప్రచురించబడినది. ఇది సంస్థ దృక్కోణం నుండి వ్రాయబడినదని గుర్తుంచుకొని చదువవలెను.

అమితవ్ ఘోష్ నవల "ది గ్లాస్ ప్యాలెస్" (2000) 1885 నవంబరులో మాండలే పతనంతో ప్రారంభమై, టేకు వ్యాపారం చుట్టూ అల్లబడినది. 1934లో వెలువడిన జార్జ్ ఆర్వెల్ నవల "బర్మీస్ డేస్"లోని తెల్లవారిలో కొందరు కలప కంపెనీ ఉద్యోగులు. ఆర్వెల్ తల్లి తరపువారు మౌల్మేన్‌లో టేకు వర్తకులు.

థాయ్‌లాండ్‌లోని ఫ్రే పట్టణంలో కంపెనీ వారి పాత కార్యాలయం వందేళ్ళకు పైబడిన టేకు భవనం. 2020 జూన్‌లో మరమ్మతు పేరిట దీనిని పూర్తిగా విప్పివేయగా స్థానికులు తీవ్ర నిరసన తెలిపారు. విప్పిన కలపతోనే భవనాన్ని తిరిగి నిర్మిస్తామని అధికారులు అప్పట్లో ప్రకటించారు.